సెల్ఫ్ తిరుగుతుంది, బండి అందుకోదు: మార్పులు చేసిన కారులో ఫ్యూయల్ పంపు వైరింగ్ లోపం పట్టుకోవడం ఎలా

కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉన్న కారులో ఫ్యూయల్ పంపు వైరింగ్ చెడిపోవడం అరుదు. ఎలుకలు కొరికితేనో, వరద నీళ్లలో మునిగితేనో తప్ప ఏళ్ల తరబడి దాని ఊసే ఉండదు. అదే కారుకు సీఎన్‌జీ కిట్ పడింది, ఫైనాన్స్ వాళ్లు జీపీఎస్ పెట్టించారు, దొంగల భయంతో డ్యాష్‌బోర్డు కింద ఒక సీక్రెట్ స్విచ్ కూడా బిగించారు అనుకోండి. పంపుకు వెళ్లే ఒకే ఒక్క వైరును ముగ్గురు మూడు చోట్ల కోసి, మెలిపెట్టి, నల్ల టేపు చుట్టేసి వెళ్లి ఉంటారు. బండి ఆగిన రోజున మాత్రం మొదట వినిపించే మాట "పంపు పోయింది సార్". కొత్త పంపు వేస్తారు, కొన్నాళ్లు నడుస్తుంది, మళ్లీ అదే కథ.

కాబట్టి ట్యాంకు దించే ముందు వైరింగ్ చూడండి. ఇక్కడ చెప్పేదంతా మామూలు పెట్రోల్ ఎంపీఎఫ్ఐ కార్ల గురించి. అంటే ట్యాంకు లోపల కరెంటు పంపు, దానికో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), ఆ రిలేను నడిపే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఉన్నవి. డీజిల్ కార్లకు ఇది వర్తించదు. కొన్ని కొత్త కార్లలో, ముఖ్యంగా టర్బో పెట్రోల్ వాటిలో, పంపుకు రిలే నుంచి నేరుగా కాకుండా ఒక కంట్రోల్ మాడ్యూల్ కరెంటును ముక్కలు ముక్కలుగా ఇస్తుంది. అలాంటి వాటి మీద కింద చెప్పిన జంపర్ పరీక్షలు, అంటే రెండు చోట్లను విడి వైరుతో కలిపి చూసేవి, చేయకండి. మాడ్యూల్ పోతే పంపు కంటే ఎక్కువ బిల్లవుతుంది.

ముందు జాగ్రత్త

పెట్రోల్ సున్నాకు నలభై డిగ్రీల దిగువన కూడా అంటుకునేంత ఆవిరి ఇస్తుంది. ఆ ఆవిరి గాలి కంటే బరువు, నేల మీదే పాకుతుంది, గుంతల్లో నిలుస్తుంది. అందుకని సెల్లార్ పార్కింగ్‌లోనో, షెడ్డు గుంత మీదో ఈ పని పెట్టుకోవద్దు. బండిని బయటికి తోసి, నాలుగు తలుపులూ తెరిచి పెట్టండి. పెట్రోల్ వాసన కొడుతుంటే కరెంటు పరీక్షలేవీ మొదలుపెట్టకండి, ముందు ఆ కారుతున్న చోటు చూసుకోండి. పౌడర్ రకం ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఒకటి చేతికందేలా ఉండాలి. పెట్రోల్ మంట మీద నీళ్లు పోస్తే మంట పరుచుకుంటుంది తప్ప ఆరదు.

ఇంకో మాట. జంపర్ వైరు కలిపేటప్పుడు, తీసేటప్పుడు నిప్పురవ్వ వస్తుంది. ఆ రవ్వ ఎప్పుడూ బానెట్ దగ్గర రావాలి, ట్యాంకు దగ్గర కాదు. ట్యాంకు వైపు క్లిప్పులు ముందు తగిలించి, బ్యాటరీ వైపు ఆఖరున కలపండి. విప్పేటప్పుడు ముందు బ్యాటరీ వైపు తీయండి.

కరెంటు ఏ దారిన వెళ్తుంది

బ్యాటరీ నుంచి ఫ్యూజ్, ఫ్యూజ్ నుంచి రిలే, రిలే నుంచి కారు పొడవునా వెనక్కి వెళ్లి ట్యాంకు మీది కప్లర్ (వైర్లు కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు), అక్కడి నుంచి పంపు, పంపు నుంచి బాడీ ఎర్త్. అసలు దారి ఇంతే. రిలే లోపల రెండు వేర్వేరు పనులు జరుగుతాయి. 85, 86 పిన్నులు కాయిల్ వి. వాటి మధ్య సన్నటి కరెంటు పారితే లోపలి పత్తీ (కదిలే రేకు) అతుక్కుని 30ని 87తో కలుపుతుంది. పంపుకు వెళ్లే పెద్ద కరెంటు 30 నుంచి 87కు పోతుంది. చాలా కార్లలో ఈసీయూ ఆ కాయిల్‌కు ఎర్త్ ఇచ్చి రిలేను లాగుతుంది. కొన్ని కంపెనీల చిన్న రిలేల మీద ఈ నంబర్లు కాకుండా 1, 2, 3, 5 అని ఉంటాయి. ఫ్యూజ్ బాక్స్ మూత మీది బొమ్మ, రిలే మీది గీతల బొమ్మ చూస్తే కాయిల్ ఏదో తెలిసిపోతుంది.

తాళం ఆన్ చేయగానే ఈసీయూ రెండు మూడు సెకన్లు పంపును తిప్పి ఆపేస్తుంది. ఆ తర్వాత ఇంజిన్ తిరుగుతోందని క్రాంక్ సెన్సర్ చెబితేనే మళ్లీ ఆన్ చేస్తుంది. ఇది గుర్తు పెట్టుకోండి. బండి గుద్దుకుని ఇంజిన్ ఆగిపోతే పంపు తనంతట తానే ఆగేది ఈ ఏర్పాటు వల్లే. చిరాకొచ్చి ఎవరైనా పంపుకు తాళం నుంచి "డైరెక్ట్ ఇచ్చేస్తే" తెంచేసేది కూడా దీన్నే.

ఏం కావాలి

ఒక డిజిటల్ మల్టీమీటర్, ఎల్ఈడీ టెస్టర్, నాలుగైదు మీటర్ల వైరు, రెండు మూడు క్రొకడైల్ క్లిప్పులు, మధ్యలో 15 ఆంపియర్ల ఫ్యూజ్ ఉన్న జంపర్ వైరు. వీటితో పాటు పాత హెడ్‌లైట్ బల్బు ఒకటి, హెచ్4 రకం. అదెందుకో తర్వాత చెబుతాను, కానీ ఈ సామానంతటిలో నాకు ఎక్కువ పనికొచ్చేది అదే. ఫిలమెంట్ బల్బు ఉన్న పాతకాలపు టెస్టర్‌ను మాత్రం ఈసీయూ వైర్ల మీద పెట్టకండి. అది లాగే కరెంటుకు లోపలి ట్రాన్సిస్టర్ కాలిపోవచ్చు.

మొదటి పని: వినడం

మ్యూజిక్, ఏసీ, ఫ్యాన్ అన్నీ ఆపండి. వెనక సీటు దగ్గర ఒకరిని కూర్చోబెట్టండి, లేదా పెట్రోల్ మూత తీసి చెవి పెట్టమనండి. తాళం ఆన్ చేయండి, సెల్ఫ్ కొట్టొద్దు. రెండు మూడు సెకన్లు "జుయ్‌"మని సన్నటి శబ్దం వచ్చి ఆగాలి.

శబ్దం వచ్చి ఆగింది, సెల్ఫ్ కొడితే మాత్రం బండి అందుకోలేదు అంటే సెల్ఫ్ తిరిగేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు చూడండి. చాలా కార్లలో అది కొద్దిగా కదులుతుంది. అసలు చలనమే లేకపోతే క్రాంక్ సెన్సర్ మీద అనుమానం పెట్టుకోవాలి. ఇంజిన్ తిరుగుతున్నట్టు ఈసీయూకే తెలియదు, అందుకే పంపుకు కరెంటు ఇవ్వడం లేదు. డ్యాష్‌బోర్డు మీటర్‌లో తాళం బొమ్మ లైటు టపటపా కొట్టుకుంటుంటే అది ఇమ్మొబిలైజర్ (తాళంలోని చిప్‌ను గుర్తుపడితేనే బండిని స్టార్ట్ కానిచ్చే ఏర్పాటు) గొడవ. ఈ రెండిటికీ పంపు వైరింగ్‌తో సంబంధం లేదు. పంపును వదిలేసి అటు వెళ్లండి.

శబ్దమే రాకపోతే టెన్షన్ పడకుండా ముందు తేలికైనవి చూడండి. ట్యాంకులో పెట్రోల్ ఉందా? నవ్వకండి, సీఎన్‌జీ మీద తిరిగే బళ్లలో చాలామంది పెట్రోల్ సంగతే మర్చిపోతారు. సీక్రెట్ స్విచ్ ఆఫ్‌లో ఉందా? బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నదైతే అలాంటి స్విచ్ ఒకటుందని మీకే తెలియకపోవచ్చు. స్టీరింగ్ కింద, హ్యాండ్‌బ్రేక్ పక్క ప్లాస్టిక్‌లో, డ్రైవర్ సీటు కింద చేత్తో తడిమి చూడండి. కొన్ని ఫోర్డ్, ఫియట్ కార్లలో గుద్దితే పంపును ఆపేసే ఇనర్షియా స్విచ్ కంపెనీయే ఇచ్చింది. పెద్ద గోతిలో పడినా అది ఎగిరిపోవచ్చు. పైన ఉన్న బటన్ నొక్కితే మళ్లీ పడుతుంది.

రెండో పని: ఎవరెవరు చేయి పెట్టారో లెక్క తీయడం

కాగితం తీసుకుని బండికి బయట పెట్టించినవన్నీ రాయండి. సీఎన్‌జీ లేదా ఎల్‌పీజీ కిట్, జీపీఎస్, రిమోట్ లాక్ అలారం, సీక్రెట్ స్విచ్, మార్చిన ఈసీయూ, పెద్ద పంపు, ఇంజిన్ మార్పు. చివరికి ఆంప్లిఫయర్ కూడా రాయండి. దాని ఎర్త్‌ను పంపు ఎర్త్ బోల్టుకే బిగించిన బళ్లుంటాయి.

ఇప్పుడు వాటి జాయింట్లు ఎక్కడుంటాయో వెతకాలి. పనివాడు తేలికగా కూర్చుని చేయగలిగిన చోటే కోస్తాడు. డ్రైవర్ వైపు కాళ్ల దగ్గర సైడు ప్లాస్టిక్ వెనక, తలుపు అడుగున ఉండే స్కఫ్ ప్లేట్ కింద, వెనక సీటు కింద. కంపెనీ వైరింగ్ కట్టకు గరుకైన గుడ్డ టేపో, గొట్టమో చుట్టి ఉంటుంది. మెరిసే నల్ల ఇన్సులేషన్ టేపు కనిపించిందంటే అక్కడ బయటి చేయి పడినట్టే. మన ఎండలకు ఆ టేపు జిగురు కరిగి, బంకగా జారి, రెండు మూడేళ్లలో వైరు బయటపడుతుంది. కార్పెట్ కిందైతే వానాకాలం చెమ్మ చేరి రాగికి చిలుము పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇంకా తొందరగా పడుతుంది. టేపు విప్పి చూడండి. పచ్చటి పొడి రాలుతూ, నాలుగు పోగులు మాత్రమే పట్టుకుని ఉన్న జాయింటు కనిపిస్తే దాన్ని కదపకండి. ముందు ఫోటో తీయండి, తర్వాత కొలవాలి. కదిపితే తాత్కాలికంగా బాగై, లోపం దొరక్కుండా పోతుంది.

మూడో పని: ఫ్యూజ్, రిలే

పంపు ఫ్యూజ్ తీసి మీటర్‌తో చూడండి, కంటితో చూసి సరే అనుకోవద్దు. ఫ్యూజ్ ఎగిరిపోయి ఉంటే అదే రేటింగ్‌ది ఒకటి వేయండి. మళ్లీ ఎగిరితే ఎక్కడో వైరు బాడీకి తగులుతోంది, లేదా పంపు జామ్ అయ్యి ఎక్కువ కరెంటు లాగుతోంది. 15 ఎగురుతోందని 30 వేసే అలవాటు మాత్రం వద్దు. అప్పుడు ఫ్యూజ్ బదులు సీటు కింది వైరు కాలుతుంది.

రిలే పరీక్షకు దగ్గరి దారి హారన్ రిలేతో మార్చి చూడటం. చాలా కార్లలో రెండూ ఒకటే రకం, కానీ పిన్నులు, మీది బొమ్మ సరిపోయాయో లేదో చూసుకున్నాకే మార్చండి. మార్చినా పంపు పలకకపోతే రిలే పీకేసి సాకెట్‌లో 30 దగ్గర మీటర్ పెట్టండి. బ్యాటరీ వోల్టేజీ రావాలి. కొన్నిటిలో తాళం ఆన్ చేస్తేనే వస్తుంది. రాకపోతే లోపం రిలే కంటే ముందే ఉంది.

వస్తే, మల్టీమీటర్ ఎర్ర వైరును 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, ఒక మొనను 30లో, ఇంకో మొనను 87లో పెట్టండి. ఇప్పుడు రిలే బదులు మీటరే కరెంటును దాటిస్తోంది, పంపు తిరగాలి. చిన్న కార్ల మామూలు పంపు 4 నుంచి 6 ఆంపియర్లు లాగుతుంది. అంకె అలా ఉండి పంపు తిరిగితే పంపు, దానికి వెళ్లే వైరు మొత్తమ్మీద బాగున్నట్టే. లోపం రిలేలోనో, కాయిల్‌ను నడిపే ఈసీయూ వైపో ఉంది. సున్నా చూపిస్తే దారి ఎక్కడో తెగింది. 1, 2 ఆంపియర్ల దగ్గర ఆగి పంపు మూలుగుతుంటే ఏదో జాయింటు కరెంటును పట్టుకుని కూర్చుంది. 9, 10 దాటితే వెంటనే తీసేయండి, పంపు జామ్ అయ్యింది లేదా వైరు ఎక్కడో షార్ట్ అయ్యింది. ఈ కొలత పది సెకన్లలో ముగించాలి. అయ్యాక ఎర్ర వైరును మళ్లీ వోల్టు రంధ్రంలోకి మార్చడం మరవొద్దు. అది ఆంపియర్ల రంధ్రంలో ఉండగా బ్యాటరీ మీద పెడితే నేరుగా షార్ట్ చేసినట్టే.

నాలుగో పని: "12 వోల్టులు వస్తున్నాయి" అన్న మాటను నమ్మకపోవడం

ఎక్కువ బళ్లు తప్పుదారి పట్టేది ఇక్కడే. ట్యాంకు మీది కప్లర్ ఊడదీస్తారు, మీటర్ పెడతారు, 12.5 చూపిస్తుంది. "కరెంటు వస్తోంది, కాబట్టి పంపు పోయింది" అని తేల్చేస్తారు. డిజిటల్ మీటర్ లోపలి నిరోధం సాధారణంగా 10 మెగా ఓములు. అది లాగే కరెంటు దాదాపు శూన్యం. వైరులో ఒక్క పోగు మిగిలినా, జాయింటు అంతా చిలుము పట్టినా దానికి 12.5 కనిపిస్తుంది. పంపుకు కావాల్సింది 5 ఆంపియర్లు. ఆ కరెంటు పారడం మొదలయ్యాకే లోపం బయటపడుతుంది.

ఒక లెక్క వేద్దాం. జాయింటులో నిరోధం అర ఓము ఉందనుకోండి. మీటర్‌లో కంటిన్యుటీ బీప్ కొట్టి చూస్తే అది నిక్షేపంగా బీప్ అంటుంది. అదే జాయింటు గుండా 5 ఆంపియర్లు పారితే 2.5 వోల్టులు అక్కడే పోతాయి. 12.6లో పంపుకు మిగిలేది 10.1. పంపు తిరుగుతుంది, శబ్దమూ వస్తుంది, కానీ ప్రెషర్ సరిగ్గా అందదు. బండి స్టార్టవడానికి మొండికేస్తుంది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఈడుస్తుంది. పోయిన ఆ 2.5 వోల్టులు ఊరికే పోవు. 12.5 వాట్ల వేడిగా ఆ జాయింటులోనే దిగుతాయి. చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. దాని సగం వేడి ఎప్పుడూ కార్పెట్ కింద, గోరంత చోటులో కూర్చుని ఉందన్నమాట. టేపు ఎందుకు కరిగిందో ఇక వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి కొలత ఎప్పుడూ పంపు తిరుగుతుండగానే తీయాలి. కప్లర్ ఊడదీయకుండా, వెనక వైపు నుంచి సన్నటి పిన్ను వైరు పక్కగా లోపలికి దూర్చి దాని మీద మీటర్ మొన పెట్టండి. కప్లర్‌లో లావు వైర్లు రెండు పంపువి, సన్నవి పెట్రోల్ గేజ్‌వి. కొన్ని కార్లలో వెనక సీటు ఎత్తితే కప్లర్ దొరుకుతుంది. కొన్నిటిలో ట్యాంకు దించితే తప్ప చేయి దూరదు. అలాంటప్పుడు కింది నుంచి వైరింగ్ కట్టలో ట్యాంకుకు దగ్గరి కప్లర్‌ను వెతుక్కోవాలి.

కొలత రెండు భాగాలు. మీటర్‌ను 20 వోల్టుల డీసీలో పెట్టండి. పొడవాటి వైరుతో ఒక మొనను బ్యాటరీ ప్లస్‌కు, రెండో మొనను పంపు ప్లస్ పిన్నుకు కలపండి. ఇంజిన్ స్టార్టయ్యే స్థితిలో ఉంటే నడుస్తుండగా, లేకపోతే 30, 87 మధ్య ఫ్యూజ్ ఉన్న జంపర్ పెట్టి పంపును తిప్పుతూ చూడండి. మీటర్ చూపించేది దారిలో పోయిన వోల్టేజీ. అర వోల్టు లోపు ఉంటే నిశ్చింత. 1 వోల్టు దాటితే వెతకాల్సిందే. తర్వాత ఒక మొన పంపు ఎర్త్ పిన్ను మీద, ఇంకోటి బ్యాటరీ మైనస్ మీద పెట్టండి. ఇక్కడ 0.2 వోల్టులు దాటకూడదు.

పంపు అసలు తిరగకపోతే లేదా కప్లర్ ఊడదీయక తప్పకపోతే అప్పుడు పనికొస్తుంది హెచ్4 బల్బు. దాని 55 వాట్ల ఫిలమెంట్ సుమారు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది, అంటే దాదాపు పంపంత. పంపు బదులు దాన్ని వైర్లకు కలిపి రిలే దగ్గర జంపర్ ఇవ్వండి. తెల్లగా నిండుగా వెలిగితే వైరింగ్ బాగుంది, పంపు పోయింది. ఎర్రగా, నీరసంగా వెలిగితే లోపం వైరింగ్‌లోనే. ఆ బల్బు చేయి కాలేంత వేడెక్కుతుంది. పొడుగు వైర్లతో దాన్ని కారు బయట, ట్యాంకుకు దూరంగా పెట్టండి. ట్యాంకు మూత విప్పి ఉంటే, పెట్రోల్ వాసన ఉంటే ఈ పరీక్ష చేయొద్దు.

ఐదో పని: పోయిన వోల్టులు ఎక్కడున్నాయో పట్టుకోవడం

మొత్తం నష్టం 2 వోల్టులు అని తేలిందనుకోండి. దారిని సగానికి విడగొట్టండి. బ్యాటరీ ప్లస్ మొన అలాగే ఉంచి రెండో మొనను రిలే 87 దగ్గర పెట్టండి. అక్కడ 0.2 మాత్రమే ఉంటే ముందు భాగం బాగుంది, మిగతా 1.8 వెనక ఎక్కడో ఉంది. ఇప్పుడు మీ లిస్టులోని జాయింట్లను ఒక్కొక్కటిగా పట్టుకుని, ఒక మొన జాయింటుకు ఇటు, ఇంకో మొన అటు పెట్టండి. మంచి జాయింటు మీద దాదాపు సున్నా ఉంటుంది. ఎక్కడ వోల్టు, వోల్టున్నర కనిపిస్తే దొంగ అక్కడే. కొలవడానికి వైరు తొడుగును సూదితో పొడిస్తే ఆ చిల్లును తర్వాత మూసేయండి. లేకపోతే వచ్చే వానాకాలానికి అక్కడా చిలుము పడుతుంది.

ఎర్త్ వైపు నష్టం ఉంటే బోల్టు విప్పి, కింది పెయింటు గీకి, మెరిసే ఇనుము కనిపించాక లగ్గు (వైరు కొస రింగు) బిగించి, పైన కొద్దిగా గ్రీజు రాయండి. టింకరింగ్, పెయింటింగ్ అయిన బళ్లలో ఈ లోపం ఎక్కువ. బోల్టు కింద కూడా పెయింటు కొట్టేసి ఉంటారు. పంపు తిరిగినప్పుడల్లా పెట్రోల్ గేజ్ ముల్లు తప్పు చూపిస్తుంటే రెండిటికీ ఉమ్మడిగా ఉన్న ఎర్త్‌ను అనుమానించండి.

ఒక్కో మార్పుకు ఒక్కో రోగం

సీఎన్‌జీ కిట్. బండి పెట్రోల్ మీద స్టార్టయ్యి, వేడెక్కాక గ్యాస్‌కు మారుతుంది. గ్యాస్‌లో ఉన్నప్పుడు పంపు ఆగాలని కొందరు ఫిట్టర్లు పంపు వైరులో ఇంకో రిలే పెడతారు. కాయిల్‌కు కరెంటు లేనప్పుడు 30కి అతుక్కుని ఉండే 87ఏ పిన్ను గుండా పంపుకు కరెంటు పోతుంది. ఆ పత్తీ నల్లబడితే పొద్దున పెట్రోల్ మీద బండి అందుకోదు. అదే గ్యాస్ మీద నేరుగా స్టార్ట్ చేస్తే టక్కున అందుకుంటుంది. చాలా కిట్లలో స్విచ్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే గ్యాస్ మీద ఎమర్జెన్సీ స్టార్ట్ అవుతుంది. ఈ రెండు లక్షణాలూ కలిసి కనిపిస్తే ఇంజిన్‌ను వదిలేసి పంపు వైపు రండి. కిట్ మెయిన్ ఫ్యూజ్ పీకేసి చూడటం ఇంకో మంచి పరీక్ష. సరిగ్గా బిగించిన కిట్ అయితే ఫ్యూజ్ తీసేస్తే బండి మామూలు పెట్రోల్ కారులా నడవాలి. నడవలేదంటే కిట్ రిలేలోనో, దాని జాయింట్లలోనో లోపం ఉంది. ఇక కటాఫ్ రిలే లేని బండైతే గ్యాస్‌లో ఉన్నప్పుడూ పంపు తిరుగుతూనే ఉంటుంది. దాన్ని చల్లబరిచేది పెట్రోలే. గ్యాస్ ఉంది కదా అని ట్యాంకు ఎండబెడితే పంపు కాలిపోవడం ఖాయం. పావు ట్యాంకు ఉంచండి.

జీపీఎస్ కటాఫ్. డబ్బా చిన్నదే, కానీ దాని రిలే కూడా పంపు వైరు మధ్యలోనే కూర్చుంటుంది. దీన్ని పరీక్షించాలంటే రిలే తీసి దాని రెండు లావు వైర్ల మధ్య ఫ్యూజ్ ఉన్న జంపర్ పెట్టండి. పంపు పలికితే రిలేనో, డబ్బా నుంచి వచ్చే కమాండో తప్పు. ఫైనాన్స్ వాళ్లు పెట్టించినదైతే మీ అంతట మీరు తీసేయకుండా వాళ్లకు చెప్పి మార్పించండి. నా మటుకు నేను నడుస్తున్న బండిలో పంపును కోసే ఏ ఏర్పాటునూ ఇష్టపడను. హైవే మీద ఓవర్‌టేక్ చేస్తుండగా రిలే వదిలేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. కట్ కావాల్సిందే అంటే స్టార్టర్ రిలే కాయిల్ వైరులో పెట్టించుకోండి. అక్కడ అది ఆగిన బండిని కదలనివ్వదు, నడిచే బండిని ఆపదు.

సీక్రెట్ స్విచ్. లైటు వేసుకునే చిన్న టోగుల్ స్విచ్‌కు, సన్నటి వైరుతో, పంపు మొత్తం కరెంటు పారిస్తారు. దీనికీ పైన చెప్పిన స్టార్టర్ మందే. స్విచ్‌ను పంపు వైరు నుంచి పూర్తిగా పీకేయండి.

పెద్ద పంపు. టర్బో వేసిన, రీమ్యాప్ చేసిన బళ్లకు గంటకు 255 లీటర్ల పంపు వేయడం మామూలైంది. ప్రెషర్ పెరిగే కొద్దీ అది 10 ఆంపియర్లు దాటి లాగుతుంది. కంపెనీ వైరు దాని సగానికే లెక్క కట్టింది. అర చదరపు మిల్లీమీటరు రాగి వైరు 5 మీటర్ల మీద 6 ఆంపియర్లకే ఒక వోల్టు పైచిలుకు తినేస్తుంది. అదే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరైతే పావు వోల్టు కూడా పోదు. ఇలాంటి బళ్లకు కొత్త రిలే వేయాలి. పాత పంపు ప్లస్ వైరును కొత్త రిలే 86కి ఇవ్వండి, 85ని ఎర్త్ చేయండి. బ్యాటరీ నుంచి కొత్త లావు వైరు 30కి, 87 నుంచి పంపుకు. ఎర్త్ వైరు కూడా అంతే లావుండాలి. ఫ్యూజ్ 20 ఆంపియర్లది, బ్యాటరీ నుంచి జానెడు లోపే ఉండాలి. రిలే లోపల డయోడ్ ఉంటే 86 ప్లస్, 85 మైనస్ తారుమారు కాకూడదు. ఇలా చేస్తే పంపును ఎప్పుడు తిప్పాలో ఎప్పుడు ఆపాలో ఈసీయూయే చెబుతుంది, బరువు మాత్రం కొత్త వైరు మోస్తుంది. ఇంతా చేసి చాలామంది మర్చిపోయేది ట్యాంకు మూత మీది పిన్నులను. అవీ పాత కరెంటుకు చేసినవే. ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, మెత్తబడి కనిపిస్తాయి. ట్యాంకు లోపల వేసే వైరు పెట్రోల్‌కు తట్టుకునే టెఫ్లాన్ తొడుగుది కావాలి. మామూలు ప్లాస్టిక్ తొడుగు పెట్రోల్‌లో ఉబ్బి, పగిలిపోతుంది.

అప్పుడప్పుడూ వచ్చి పోయే లోపం

షెడ్డుకు తీసుకెళ్తే బుద్ధిగా ఉండి, రోడ్డు మీద మొరాయించే బండికి ఇదొక్కటే దారి. పంపు ప్లస్ పిన్ను నుంచి ఒక సన్న వైరు ముందుకు లాగండి. దానికి పిన్ను దగ్గరే 1 ఆంపియర్ ఫ్యూజ్ పెట్టండి. మీటర్‌ను డ్యాష్‌బోర్డు మీద అంటించి, నల్ల మొన బ్యాటరీ మైనస్‌కు కలిపి తిరగండి. అంకె చూసే పని పక్క సీటులో కూర్చున్నవాళ్లది, మీరు రోడ్డు చూడండి. మంచి స్థితిలో 13.5 అటూ ఇటూ ఉంటుంది. ఇంజిన్ ఈడ్చిన క్షణంలోనే అంకె 10కో, సున్నాకో పడితే ప్లస్ వైపు వైరింగ్‌లోనో, రిలేలోనో లోపం. ఇంజిన్ చచ్చిపోతున్నా అంకె చెక్కుచెదరకపోతే ఎర్త్ వైపు ఒకసారి ఇలాగే చూసి, అదీ బాగుంటే పంపు, ఫిల్టర్, ఇగ్నిషన్ కాయిల్స్ వైపు వెళ్లండి.

బాగు చేయడం

పాత జాయింటును మళ్లీ మెలిపెట్టి కొత్త టేపు చుడితే ఇంత కష్టమూ వృథా. చిలుము లోపలికి ఎంత దూరం పాకిందో చూసి, మెరిసే రాగి దొరికేదాకా కోయండి. అదే లావు వైరు ముక్క చేర్చి, క్రింపింగ్ ప్లయర్‌తో స్లీవు నొక్కి, లాగి చూడండి. పైన లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ గొట్టం వేయండి. దాన్ని లైటర్ మంటతో కాకుండా హాట్ ఎయిర్ గన్‌తో, ట్యాంకుకు దూరంగా వేడి చేయండి. వైరును సీటు పట్టాల కింద నలగనివ్వకండి, సైలెన్సర్ దగ్గరికి పోనివ్వకండి. రేకు చిల్లులోంచి దూరే చోట రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి.

అన్నీ బిగించాక తాళం ఆన్ చేయండి. పంపు రెండు మూడు సెకన్లు తిరిగి ఆగాలి. ఆగకుండా తిరుగుతూనే ఉందంటే ఎవరో ఎప్పుడో ఇచ్చిన "డైరెక్ట్" ఇంకా ఎక్కడో మిగిలి ఉంది. అది తీసేదాకా పని అయినట్టు కాదు. ఇంజిన్ స్టార్ట్ చేసి పది నిమిషాలు నడిపి, కొత్త జాయింట్లను చేత్తో ముట్టుకోండి, వేడి తగలకూడదు. వోల్టేజీ నష్టం మళ్లీ కొలవండి. ఆ అంకెను, ఎక్కడెక్కడ ఏ రిలే ఉందో, ఏ రంగు వైరు ఎటు వెళ్తుందో చిన్న కాగితం మీద గీసి ఫ్యూజ్ బాక్స్ మూత లోపల అంటించండి.